శాన్ మమేస్ చూడబోతున్న అన్నకి, మన టీమ్ గురించి అందరికీ



పోయిన వారం మన సీనియర్ అన్న ఒకరు జర్మనీ నుంచి మెసేజ్ పెట్టారు. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద వెళ్ళి అక్కడ ఎమ్మెస్ చదువుతున్న అన్న. సెలవుల్లో స్పెయిన్ పోతున్నాడంట, బిల్బావోలో రెండు రోజులు ఆగుతాడంట. "మీ రూమోళ్ళు నిద్ర మానుకుని చూసేది ఆ ఎర్రచారల టీమ్‌నే కదరా, వాళ్ళ గ్రౌండ్‌లో ఏం చూడాలో కాస్త రాయండి" అన్నాడు. అందుకే ఈ పోస్టు.

మేం ఆరుగురం. డిగ్రీ రెండో సంవత్సరం, ఒకటే రూమ్. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. మాలో ఎవరమూ విమానం ఎక్కలేదు, ఇద్దరం అయితే రైలు కూడా ఎక్కలేదు. కానీ ఆ స్టేడియంలో ఏ వైపు ఏముందో మాత్రం చెప్పగలం. స్పెయిన్‌లో రాత్రి తొమ్మిదికి మ్యాచ్ అంటే మనకి అర్ధరాత్రి దాటాక. వార్డెన్ సార్ రౌండ్ అయిపోయాక, పగిలిన స్క్రీన్ ఉన్న ఒక్క ఫోన్ చుట్టూ ఆరు తలకాయలు. మూడేళ్ళుగా ఇదే పని. వీడియోల్లో చూసింది, చదివింది, మాలో మేం వాదించుకున్నది అన్నీ కలిపి రాస్తున్నాం. చివర్లో మన ఆగస్టు తొమ్మిది టీమ్ సంగతి కూడా ఉంది. అది అన్న ఒక్కడికే కాదు, మనందరికీ సంబంధించింది. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

ముందు ఊరి సంగతి

స్పెయిన్ అనగానే మన దగ్గర చాలామందికి అనంతపురంలో ఆర్డీటీ పెట్టిన ఫెర్రర్ గారు గుర్తొస్తారు. ఆయనది బార్సిలోనా. బిల్బావో అది కాదు. ఇది స్పెయిన్‌కి ఉత్తరాన, సముద్రానికి దగ్గర్లో, కొండల మధ్య ఉన్న ఊరు. ఇక్కడి మనుషులు బాస్క్‌లు. వాళ్ళ నేల ఇప్పుడు రెండు దేశాల్లో ఉంది, కొంత స్పెయిన్‌లో, కొంత ఫ్రాన్స్‌లో. వాళ్ళ భాష పేరు ఎవుస్కారా. దానికి చుట్టం అనదగ్గ భాష ప్రపంచంలో ఇంకోటి లేదు. స్పానిష్ తెలిసినవాడికి ఇటాలియన్ కొంచెం అర్థమవుతుంది, ఎవుస్కారా మాత్రం ముక్క కూడా అర్థం కాదు.

ఒక రాష్ట్రంలో మొదలై ఇంకో రాష్ట్రంలోకి సాగే నేల, చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థంకాని భాష. ఇదంతా చదివినప్పుడు మా రూమ్‌లో కోయ వాళ్ళం, గోండు వాళ్ళం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

అయితే ఒక మాట ముందే చెప్పుకోవాలి. వాళ్ళు మనలాగ పేదవాళ్ళు కాదు. బిల్బావో ఇనుము, ఓడలు, బ్యాంకుల ఊరు. స్పెయిన్‌లో డబ్బున్న ప్రాంతాల్లో అదొకటి. అందుకే "వాళ్ళూ మేమూ ఒకటే" అనే మాట మేం రాయం. చూసి నేర్చుకోదగ్గది ఒకటి ఉంది, అంతవరకే.

ఎలా వెళ్ళాలి

అన్నా, విమానంలో దిగితే ఎయిర్‌పోర్ట్ బస్సు ఊళ్ళోకి తెస్తుంది. దాని చివరి స్టాప్ పెద్ద బస్టాండ్. ఆ బస్టాండ్ నేల కింద ఉంటుంది. మెట్లెక్కి పైకి వస్తే స్టేడియం అక్కడే. మెట్రోలో వచ్చినా, ట్రామ్‌లో వచ్చినా స్టాప్ పేరు శాన్ మమేస్ అనే ఉంటుంది, తప్పిపోవడానికి ఏం లేదు.

ఊరి బయట బీడు భూమిలో కట్టిన స్టేడియం కాదిది. ఒక పక్క అపార్ట్‌మెంట్లు, ఒక పక్క ఇంజనీరింగ్ కాలేజీ, కింద నెర్వియోన్ నది. మ్యాచ్ రోజైతే మెట్రోలో నేరుగా వచ్చెయ్యకు. ఊరి మధ్యలో దిగి, పోసాస్ అని పిలిచే వీధి గుండా నడువు. వీధి నిండా చిన్న చిన్న బార్లు. ముసలాయన, ఆయన కూతురు, మనవడు, ముగ్గురూ అవే ఎర్రతెల్ల చారల చొక్కాలు వేసుకుని వీధిలో నిలబడి ఏదో తింటుంటారు. ఆ వీధి చివర స్టేడియం కనిపిస్తుంది. జాతర రోజు ఊరంతా గుడి దారి పట్టినట్టు ఉంటుంది అది. వాళ్ళు కూడా ఆ స్టేడియాన్ని "కెథడ్రల్" అంటారు, అంటే పెద్ద చర్చి. మ్యాచ్‌కి పోవడం వాళ్ళకి మొక్కు తీర్చుకోవడం లాంటిది.

మ్యాచ్ లేని రోజు వెళ్తే మ్యూజియం, స్టేడియం టూర్ రెండూ చూడొచ్చు. డ్రెస్సింగ్ రూమ్, ఆటగాళ్ళు బయటికొచ్చే టన్నెల్, బెంచీలు చూపిస్తారు. మ్యాచ్ రోజుల్లో టూర్ టైమింగ్స్ మారతాయి, ముందే క్లబ్ సైట్‌లో చూసుకో. మ్యాచ్ టికెట్ కూడా అక్కడే కొనుక్కో. గేటు దగ్గర ఎవడో ఇస్తానంటే నమ్మకు. సీట్లు చాలావరకు సభ్యులవే, బయటివాళ్ళకి మిగిలేవి తక్కువ. స్పెయిన్‌లో పెద్ద క్లబ్బులు దాదాపు అన్నీ కంపెనీలు అయిపోయాయి. ఇప్పటికీ సభ్యుల చేతుల్లోనే ఉన్నవి నాలుగంటే నాలుగు: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, ఒసాసునా, ఈ అథ్లెటిక్. ఓనర్ అంటూ ఎవడూ లేడు. ప్రెసిడెంట్‌ని సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు.

పేరు, సింహాలు, పువ్వులు

మమేస్ ఒక సెయింట్. ఇప్పటి టర్కీ ప్రాంతం మనిషి. దేవుణ్ణి నమ్మినందుకు ఆయన్ని సింహాల ముందు పడేశారంట, సింహాలు ఆయన్ని ముట్టుకోలేదంట. ఆ సెయింట్ పేరుతో ఒక అనాథాశ్రమం అక్కడ ఉండేది. దాని పక్కన గ్రౌండ్ కట్టారు కాబట్టి గ్రౌండ్‌కి అదే పేరు వచ్చింది, ఆడేవాళ్ళకి "సింహాలు" అనే పేరు వచ్చింది.

పాత స్టేడియం మొదలైంది 1913 ఆగస్టు 21న. అప్పుడు పట్టేది మూడున్నర వేల మంది. మొదటి మ్యాచ్ ఇరున్ టీమ్‌తో, 1-1 డ్రా. ఆ గ్రౌండ్‌లో మొదటి గోల్ కొట్టింది రఫాయెల్ మొరేనో, అందరూ పిచిచి అని పిలిచే పొట్టి మనిషి. పాపం ఆయన 1922లో, ఇరవై తొమ్మిదేళ్ళకే జ్వరం వచ్చి పోయాడు. ఇప్పుడు స్పెయిన్ లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే బహుమతి పేరు పిచిచి. మెస్సీ, రొనాల్డో తీసుకున్నది ఈయన పేరు మీదున్న బహుమతే.

1926లో పిచిచికి ఛాతీ వరకు ఉండే విగ్రహం ఒకటి పెట్టారు. అన్నా, టూర్‌లో దాన్ని వదిలిపెట్టకు. ఏ టీమ్ అయినా మొదటిసారి శాన్ మమేస్‌కి ఆడటానికి వస్తే, ఆ టీమ్ కెప్టెన్ ఆ విగ్రహం దగ్గర పూలగుత్తి పెట్టాలి. ఎంత పెద్ద టీమ్ అయినా సరే. మనం కూడా కొత్త ఊరికి పోతే ముందు ఆ ఊరి వేల్పుకి దండం పెట్టుకునే కదా అడుగు పెడతాం. మాకు ఈ ఆచారం చాలా నచ్చింది.

పాత స్టేడియం సరిగ్గా వందేళ్ళు నిలబడి 2013లో పోయింది. కొత్తది దాని పక్కనే, కొంత దాని మీదకే వచ్చేలా కట్టారు. ముందు మూడు వైపులు కట్టి ఆట మొదలుపెట్టారు. పాతది పడగొట్టాక ఆ స్థలంలో నాలుగో వైపు కట్టారు. 2013 సెప్టెంబర్ 16న సెల్టా విగోతో మొదటి మ్యాచ్ ఆడినప్పుడు ఒక వైపు ఇంకా ఖాళీనే. ఆ మ్యాచ్ 3-2తో గెలిచారు. ఇప్పుడు యాభై మూడు వేల మంది పడతారు. బయటి గోడలు తెల్లటి రెక్కల్లాంటి పలకలు, రాత్రి లైట్లు వేస్తే నది అవతలి నుంచి కూడా కనిపిస్తాయి. 2025 మేలో యూరోపా లీగ్ ఫైనల్ ఇక్కడే జరిగింది, టాటెన్‌హామ్ 1-0తో మాంచెస్టర్ యునైటెడ్ మీద గెలిచింది.

పాత స్టేడియం పైకప్పుని మోసిన పెద్ద ఇనుప కమాను ఒకటి ఉండేది, 1953 నాటిది. దాన్ని తుక్కు కింద అమ్మలేదు. లెసామా అనే చోట, పిల్లలకి ఆట నేర్పే గ్రౌండ్‌లో నిలబెట్టారు. టైమ్ ఉంటే లెసామా కూడా చూడు, ఊరికి దగ్గరే. అసలు సంగతి అక్కడే ఉంది.

చొక్కా ఇంగ్లండ్‌ది, ఇనుము వాళ్ళ కొండలది

ఈ క్లబ్ 1898లో పుట్టింది. బిల్బావో కొండల్లో ఇనుప ఖనిజం ఉండేది. దాన్ని ఓడల్లో ఇంగ్లండ్ తీసుకుపోయేవాళ్ళు. ఆ ఓడలతో వచ్చిన ఇంగ్లీషు పనివాళ్ళు, ఇంగ్లండ్‌లో చదువుకుని తిరిగొచ్చిన బిల్బావో కుర్రాళ్ళు, వీళ్ళ వల్ల ఫుట్‌బాల్ వచ్చింది. అందుకే క్లబ్ పేరు కూడా ఇంగ్లీషు మాట, అథ్లెటిక్. చొక్కా కథ ఇంకా తమాషా. 1909 చివర్లో క్లబ్ మనిషి ఒకడు కొత్త చొక్కాలు కొనడానికి ఇంగ్లండ్ పోయాడు. కావాల్సినవి దొరకలేదు. ఉత్త చేతులతో రాలేక సౌతాంప్టన్ టీమ్ ఎర్రతెల్ల చారల చొక్కాలు తెచ్చాడు. అవి బిల్బావో ఊరి జెండా రంగులే. ఇక అవే ఖాయమయ్యాయి. "మాది" అని గుండెలకి హత్తుకునే చొక్కా కూడా ఎక్కడో కొనుక్కొచ్చిందే.

గనులున్న చోటికి బయటివాళ్ళు వస్తారు, ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బిల్బావోకి కూడా స్పెయిన్‌లోని పేద ఊళ్ళ నుంచి వేల మంది కూలికి వచ్చారు. గని యజమానుల రేకుల షెడ్లలో పడుకున్నారు, వాళ్ళ దుకాణంలోనే సరుకులు కొనాల్సి వచ్చింది. 1890లో పెద్ద సమ్మె చేశారు. ఆ కూలీల్ని స్థానికులు "మకేతో" అనేవాళ్ళు, అదొక తిట్టు. మా రక్తం పాడవుతుంది అని రాసిన నాయకులు కూడా ఉన్నారు. ఇది ఎందుకు చెప్తున్నామంటే, "మనవాళ్ళు" అనే మాటకి బిల్బావోలో కూడా ఒకప్పుడు ముళ్ళకంచె ఉండేది. ఆ కంచె తర్వాత ఏమైందో ముందు చెప్తాం.

భాష నోరు మూసిన రోజులు

1937 ఏప్రిల్ 26న గెర్నికా అనే బాస్క్ ఊరి మీద విమానాలు బాంబులు వేశాయి. పికాసో బొమ్మ వేసింది ఆ ఊరి గురించే. బిల్బావో నుంచి ఆ ఊరు దగ్గర, అన్నా, ఒక పూట అక్కడికి కూడా పోయి రా. తర్వాత ఫ్రాంకో అనే నియంత దాదాపు నలభై ఏళ్ళు ఏలాడు. బడిలో, ఆఫీసుల్లో ఎవుస్కారా వినపడకూడదు. బాస్క్ జెండా ఇకుర్రిన్యా ఎగరకూడదు. 1941లో క్లబ్ పేరు కూడా మార్పించారు. ఇంగ్లీషు మాట తీసేసి స్పానిష్‌లో అత్లెతికో అని పెట్టించారు. పాత పేరు తిరిగి రావడానికి 1972 దాకా పట్టింది.

ఫ్రాంకో చచ్చిపోయిన ఏడాదికి, 1976 డిసెంబర్ 5న, సాన్ సెబాస్టియన్ ఊళ్ళో రియల్ సొసియెదాద్‌కి, అథ్లెటిక్‌కి మ్యాచ్. రెండూ బాస్క్ టీమ్‌లే, ఒకదానికొకటి పడదు. జెండా మీద ఇంకా నిషేధం ఉంది. ఆ రోజు రెండు టీమ్‌ల కెప్టెన్లు, ఇటు నుంచి గోల్‌కీపర్ ఇరిబార్, అటు నుంచి కోర్తబార్రియా, ఆ జెండాని చెరో పక్క పట్టుకుని గ్రౌండ్‌లోకి నడిచారు. పోలీసులు చూస్తూ ఉండిపోయారు. వచ్చే నెలలోనే నిషేధం ఎత్తేశారు. ఆ ఇరిబార్ అథ్లెటిక్‌కి 614 మ్యాచ్‌లు ఆడాడు.

ఇప్పుడు శాన్ మమేస్‌లో బోర్డుల మీద ఎవుస్కారా ఉంటుంది. "ఓంగి ఎతోర్రి" అని కనిపిస్తే స్వాగతం అని అర్థం. మేం ఆ ఫొటో చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆరో తరగతిలో హాస్టల్‌లో చేరినప్పుడు మాలో ఇద్దరు కోయలో మాట్లాడుకుంటే "ఏందిరా ఆ కిచకిచ, మీ భాషకి అక్షరాలన్నా ఉన్నాయా" అన్నారు. ఎవరన్నారు, ఏ స్కూలు అన్నది వదిలేద్దాం, ఈ గ్రూప్‌లో సగం మందికి ఇలాంటిది ఒకటి ఉంటుంది. అప్పుడు మాకు తెలియదు కానీ, ఆదిలాబాద్ వైపు గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత పుస్తకాలు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. ఫోన్‌లో కొట్టుకోవచ్చు. కానీ యాభై వేల మంది కూర్చునే చోట గోడ మీద పెద్ద అక్షరాలతో మన భాష ఉండటం మేం ఇంకా చూడలేదు.

అసలు రూలు

ఈ టీమ్‌ని ప్రపంచం అంతా గుర్తుపెట్టుకునేది ఒక్క రూలు వల్ల. 1912 ప్రాంతం నుంచి అథ్లెటిక్ బయటివాళ్ళని కొనదు. బాస్క్ నేల మీద పుట్టినవాళ్ళు, లేదా బాస్క్ నేల మీద క్లబ్బుల్లో ఆట నేర్చుకుని పెరిగినవాళ్ళు, వీళ్ళే ఆడతారు. ఆ నేల అంటే మొత్తం ఏడు జిల్లాల్లాంటివి, నాలుగు స్పెయిన్‌లో, మూడు ఫ్రాన్స్‌లో. మిగతా టీమ్‌లు బ్రెజిల్ నుంచి, ఆఫ్రికా నుంచి కోట్లు పోసి తెచ్చుకుంటుంటే, వీళ్ళు లెసామాలో పదేళ్ళ పిల్లల దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటారు. లెసామా 1971లో మొదలైంది.

ఇలా ఆడితే కిందపడిపోతారు కదా అనిపిస్తుంది. లీగ్ 1929లో మొదలైనప్పటి నుంచి ఒక్కసారి కూడా పై డివిజన్ నుంచి పడిపోని టీమ్‌లు మూడే: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్. లీగ్ ఎనిమిదిసార్లు గెలిచారు. వీళ్ళ సార్రా లీగ్‌లో 251 గోల్స్ కొట్టాడు. ఆ రికార్డు బద్దలు కొట్టడానికి 2014లో మెస్సీ రావాల్సి వచ్చింది.

మా క్లాసులో ఒకడు "మీరు కోటాలో వచ్చినోళ్ళు కదా" అని అప్పుడప్పుడు అంటుంటాడు. అంటే మనవాళ్ళతోనే నింపితే క్వాలిటీ తగ్గుతుందని వాడి లెక్క. వాడికి మేం చెప్పేది ఈ టీమ్ కథే. క్వాలిటీ అనేది పదేళ్ళ పిల్లాడికి మంచి కోచ్, మంచి గ్రౌండ్, మంచి తిండి పెడితే వస్తుంది. పెట్టకుండా లెక్కలడిగితే రాదు.

ఈ రూలు మీద విమర్శలు లేకపోలేదు. అథ్లెటిక్ దగ్గర డబ్బుంది కాబట్టి చుట్టుపక్కల చిన్న బాస్క్ క్లబ్బుల్లో బాగా ఆడే పిల్లల్ని లాగేసుకుంటుందని ఆ క్లబ్బులకి కోపం. రియల్ సొసియెదాద్ కూడా ఒకప్పుడు ఇదే పద్ధతిలో ఉండేది. 1989లో ఇక మావల్ల కాదని ఆల్డ్రిడ్జ్ అనే ఆటగాణ్ణి బయటి నుంచి తెచ్చుకుంది. ఎవరి ఇబ్బంది వాళ్ళది.

అక్కలూ, చెల్లెళ్ళూ, మీ సంగతి మర్చిపోలేదు. 2019 జనవరి 30న శాన్ మమేస్‌లో ఆడవాళ్ళ కప్ మ్యాచ్‌కి 48,121 మంది వచ్చారు. స్పెయిన్‌లో ఆడవాళ్ళ క్లబ్ మ్యాచ్‌కి అప్పటిదాకా అంత జనం ఎప్పుడూ రాలేదు. మన అమ్మాయిల హాస్టల్‌లో సాయంత్రం ఆరుకి గేటు పడుతుంది, బాల్ స్టోర్ రూమ్‌లో ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అది కూడా మాట్లాడుకోవాలి.

ఎడారి దాటి వచ్చినవాళ్ళ కొడుకు

ఇప్పుడు ఆ కంచె సంగతి. ఇన్యాకి విలియమ్స్ అమ్మానాన్నలది ఆఫ్రికాలో ఘనా. సహారా ఎడారిలో కొంత దూరం నడిచి దాటారు. కాలే ఇసుకలో నడిచి వాళ్ళ నాన్న పాదాలు కాలిపోయాయి. మెలీయా దగ్గర స్పెయిన్ సరిహద్దు కంచె ఎక్కి దూకారు. అప్పటికే అమ్మ కడుపులో ఇన్యాకి ఉన్నాడు. పట్టుకుని జైల్లో పెట్టారు. ఆ తర్వాత బిల్బావో చేరితే అక్కడ ఒక ఫాదర్ ఆదుకున్నాడు. ఆయన పేరు ఇన్యాకి. 1994లో పుట్టిన కొడుక్కి ఆ పేరే పెట్టుకున్నారు. అచ్చమైన బాస్క్ పేరు.

ఆ పిల్లాడు బాస్క్ నేల మీద పుట్టాడు, అక్కడే బాల్ తన్నడం నేర్చుకున్నాడు. రూలు ప్రకారం వాడు వాళ్ళవాడే. 2016 నుంచి 2023 దాకా ఒక్క లీగ్ మ్యాచ్ కూడా వదలకుండా వరసగా 251 మ్యాచ్‌లు ఆడాడు. సార్రా గోల్స్ ఎన్నో, వీడి మ్యాచ్‌లు అన్ని. 2020లో ఇంకో ఊరి స్టేడియంలో కొంతమంది కోతి అరుపులు అరిచారు. శాన్ మమేస్‌లో మాత్రం వాడి పేరు పెట్టుకున్న పిల్లలు ఉన్నారు. తమ్ముడు నికో కూడా ఇదే టీమ్. 2024 యూరో ఫైనల్‌లో ఇంగ్లండ్ మీద స్పెయిన్‌కి మొదటి గోల్ కొట్టింది వాడే. అన్న ఘనాకి ఆడతాడు, తమ్ముడు స్పెయిన్‌కి ఆడతాడు, ఇద్దరూ అథ్లెటిక్‌కి ఆడతారు.

2024 ఏప్రిల్‌లో అథ్లెటిక్ కోపా డెల్ రే గెలిచింది, నలభై ఏళ్ళ తర్వాత. గెలిస్తే వాళ్ళకి ఒక ఆచారం ఉంది. గబార్రా అని సరుకులు మోసే వెడల్పాటి పాత పడవ, దాని మీద టీమ్ అంతా ఎక్కి నదిలో ఊరేగుతుంది. 1984 తర్వాత మళ్ళీ అప్పుడే అది కదిలింది. రెండు గట్ల మీద లక్షల మంది. ఒకప్పుడు ఇనుము మోసిన నది అది, "మకేతో" అని తిట్టించుకున్న కూలీల మనవలు ఆ గట్ల మీద ఉన్నారు. పడవ మీద విలియమ్స్ అన్నదమ్ములు. ఆ వీడియో మేం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు.

మన ఆగస్టు తొమ్మిది టీమ్

ఇప్పుడు మన సంగతి. ఆదివాసీ దినోత్సవానికి హాస్టళ్ళ మధ్య ఫుట్‌బాల్ పెడుతున్నాం కదా. మా హాస్టల్ టీమ్‌లో పదకొండో పేరు దగ్గర గొడవ ఆగింది. మా వంటక్క కొడుకు. వాళ్ళు ఎస్టీ కాదు. కానీ వాడు మూడో తరగతి నుంచి మా హాస్టల్ వెనక గదిలోనే పెరిగాడు. మాతోనే తిన్నాడు, మా గ్రౌండ్‌లోనే చెప్పుల్లేకుండా ఆడాడు. కోయ మాలో ఇద్దరికంటే బాగా మాట్లాడతాడు. లెఫ్ట్ వింగ్‌లో వాణ్ణి ఆపేవాడు లేడు. "వాడు మనవాడు కాదు, ఎలా ఆడతాడు" అని గ్రూప్‌లో నలభై కామెంట్లు వచ్చాయి. మా రూమ్‌లోనే ఇద్దరు వద్దన్నారు.

వద్దన్నవాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. దొంగ సర్టిఫికెట్లతో మన సీట్లు, మన ఉద్యోగాలు పోయాయి. 1/70 చట్టం ఉన్నా భూములు ఎలా చేతులు మారాయో మన తాతలు చూశారు. ఒకడికి తలుపు తీస్తే వెనక పదిమంది దూరతారన్నది మనం అనుభవించి నేర్చుకున్న మాట. అందుకే మేం రెండు వేర్వేరుగా చూడాలంటున్నాం. భూమి, సీటు, ఉద్యోగం చట్టం ఇచ్చిన హక్కులు. అక్కడ గోడ ఉండాల్సిందే, ఇటుక కూడా కదలకూడదు. వంటక్క కొడుకు సర్టిఫికెట్ అడగలేదు, అడగడు కూడా. వాడు అడిగింది మనతో ఆడటం.

ఇంకో వైపు కూడా చూడండి. మా రూమ్‌లోనే ఒకడు, వాళ్ళ నాన్న కట్టడం పనికి హైదరాబాద్ పోతే అక్కడే పెరిగాడు. కాగితాలు అన్నీ కరెక్టే, భాష మాత్రం ఒక్క ముక్క రాదు. వాడు మనవాడా కాదా? మనవాడే, వాడికి నేర్పాల్సింది మనం. గ్రౌండ్‌లో వాడికి కోయలో "ఇటివ్వు", "వెనక్కి రా" అని నేర్పేది రోజూ వంటక్క కొడుకే. ఈ ముక్క కామెంట్లు పెట్టినవాళ్ళకి తెలియదు.

బిల్బావో వాళ్ళు వందేళ్ళకి పైగా తమది తాము కాపాడుకున్నారు. రక్తం ఒక్కటే చూసుంటే విలియమ్స్ ఉండేవాడు కాదు. ఎవరినైనా రానిచ్చి ఉంటే లెసామా ఉండేది కాదు. ఈ నేల మీద పెరిగావా, మాతో నేర్చుకున్నావా అని అడిగారు. మా ఆరుగురిలో ఇప్పుడు ఐదుగురం ఆ ప్రశ్న దగ్గర ఆగాం. ఆరోవాడు ఇంకా ఆలోచిస్తున్నాడు, వాడి మాటకీ విలువ ఉంది.

పేర్ల లిస్టు ఈ ఆదివారం ఇవ్వాలి. వద్దనేవాళ్ళు శనివారం సాయంత్రం మన గ్రౌండ్‌కి రండి. వాడితో ఒక గంట ఆడి, తర్వాత చెప్పండి. బూట్లు లేకపోయినా పర్లేదు, వాడికీ లేవు.

అందరికీ జోహార్.